టవలు వేసినవాడిదే పేరు

మా అక్క మనవరాలు ఆదోనిలో చీరల వ్యాపారం పెట్టింది. దుకాణం లేదు, గల్లాపెట్టె లేదు, అంతా చేతిలో ఫోనే. సరుక్కి ఒక మంచి పేరు పెట్టుకుంది, బొమ్మ గీయించుకుంది, ఆ పేరుకి ట్రేడ్‌మార్కు కూడా తెచ్చుకుంది. తీరా ఇంటర్నెట్టులో ఆ పేరుతో అడ్రసు తీసుకుందామని చూస్తే ఎవరో ముందే తీసేసుకున్నారట. ముక్కూ మొహం తెలియని మనిషి. "పేరు నాది, కాగితం నా దగ్గరుంది, అడ్రసు మాత్రం వాడిదంటారు. ఇదెక్కడి న్యాయం అవ్వా?" అని నా మీద ఎగిరింది, నేనేదో దగ్గరుండి వాడికి ఇప్పించినట్టు. నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ పూట అన్నం సయించలేదు.

ఈ తగవు మీ కాలంలోనే పుట్టిందని మీరనుకుంటున్నారు. కాదు నాయనా. కంప్యూటరు మొహం ఎలా ఉంటుందో చూడకముందే నేను ఇందులో నలిగాను. తపాలా శాఖలో తంతి ఉద్యోగం నాది. మోర్సు మీట మీద వేళ్ళు అరగదీసుకున్నదాన్ని. ఇప్పుడు ఆ మీటా లేదు, ఆ తంతీ లేదు. మిగిలింది నా నోరొక్కటే, కాబట్టి కాస్త ఓపిక పట్టి వినండి.

టెలిగ్రాంలో మాటకింత అని రుసుము. చిరునామాలో ఉన్న మాటలు కూడా లెక్కలోకే వస్తాయి. ఇంటిపేరు, దుకాణం పేరు, వీధి, సందు అని రాస్తూ పోతే అసలు సంగతి కంటే అడ్రసు పొడుగైపోయేది. అందుకని వ్యాపారస్థులు మా దగ్గర ఒక్క మాట రిజిస్టరు చేయించుకునేవాళ్ళు. ఆ మాట, దాని పక్కన ఊరి పేరు, అంతే. బొంబాయి నుంచి ఎవరైనా ఆ రెండు మాటలు కొడితే చాలు, తంతి నేరుగా ఆయన గడపకు చేరేది. ఏటా వచ్చి రుసుము కట్టి మళ్ళీ తన పేరున రాయించుకోవాలి. ఒక ఊళ్ళో ఒక మాట ఒక్కరికే, ఎవరు ముందొస్తే వారికి. ఆ మాట బయట ఎవరి సరుకు పేరైనా కానీ, ఎవరి సొత్తైనా కానీ, శాఖకి సంబంధం లేదు. ఆ చివరి ముక్కే ఒక కొంప ముంచింది.

మాది మంత్రాలయం దగ్గర పల్లె. తాతలు గుడి సేవలో ఉండేవాళ్ళు, నాన్న బడిపంతులు. డెబ్బైల మొదట్లో నాకు ఆదోనిలో ఉద్యోగమొచ్చింది. ఆడపిల్ల మీట కొడుతోందట అని కిటికీ దగ్గరకొచ్చి చూసిపోయేవాళ్ళు. పత్తి మార్కెట్టు ఊరు కదా, పత్తి కాలంలో తంతులు కొట్టీ కొట్టీ రాత్రికి అన్నం కలపడానికి వేళ్ళు రాకపోయేవి. మండీ షావుకార్లందరికీ అడ్రసులో లక్ష్మి కావాలి. ముందొచ్చినవాళ్ళు లక్ష్మిని ఎత్తుకుపోతే, ఆలస్యంగా వచ్చినవాళ్ళకి ఆ తల్లి మొగుడి పేర్లతో సరిపెట్టేవాళ్ళం. ఒకసారి పంక్చర్లు వేసే సైకిల్ షాపాయన వచ్చి, బొంబాయిలో ఉన్న ఒక పెద్ద ఫ్యాన్ల కంపెనీ పేరు తనకిమ్మన్నాడు. "ఊళ్ళో ఎవరి దగ్గరా లేదు గదమ్మా?" అన్నాడు. లేదు మరి. రాసిచ్చాం. ఆయన పోయాక ఆఫీసంతా కడుపు పట్టుకుని నవ్వాం. ఆ నవ్వినవాళ్ళలో అందరికంటే గట్టిగా నవ్విందాన్ని నేనే.

తర్వాత ఎమ్మిగనూరుకి మార్చారు. ఆదోని నుంచి ఒక్క బస్సు. అయినా మా అమ్మ నన్ను అండమాన్‌కి పంపుతున్నట్టు ఏడ్చి, ఆఖరికి తనూ మూట కట్టుకుని నాతో వచ్చేసింది. మగ్గాల వీధిలో రెండు గదులు దొరికాయి. తెల్లారకముందే మగ్గాలు మొదలయ్యేవి. మొదట్లో విసుక్కున్నాను, కొన్నాళ్ళకి ఆ చప్పుడు లేకపోతే మెలకువ వచ్చేది కాదు.

మా ఎదురింట్లో అన్నదమ్ములిద్దరు. అన్న నేస్తాడు, తమ్ముడు సరుకు తీసుకుని ఊళ్ళు తిరుగుతాడు, అన్న భార్య అద్దకం చూస్తుంది. వాళ్ళు నేసిన చీరకి 'మబ్బంచు' అని పేరు. ఒళ్ళంతా ఏ రంగైనా ఉండనీ, అంచు మాత్రం ఒకటే రంగు. నీలమంటే నీలం కాదు, బూడిదంటే బూడిద కాదు, మా రేగడి చేల మీద వాన దిగేముందు ఆకాశం అంచున కనబడే రంగు. అది ఆవిడ చేతిలోనే ఉండేది. ఏం కలిపేదో మరిదికి కూడా చెప్పలేదు. వాన పడని సీమలో మబ్బునైనా కట్టుకుందామని ఆడవాళ్ళు ఎగబడి కొనేవాళ్ళు. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ అంచు దిగేది కాదు. బళ్ళారి, హుబ్లీ, షోలాపూర్ దుకాణాల నుంచి 'మబ్బంచు పంపు' అని తంతులొచ్చేవి. వాళ్ళ వెనక వీధిలో ఇంకో పది ఇళ్ళ మగ్గాలు ఆ పేరు మీదే ఆడేవి.

అన్నకి చదువు లేకపోయినా ముందుచూపు ఉండేది. ఎవరో చెబితే మద్రాసు పోయి ఆ పేరుకి ట్రేడ్‌మార్కు తెచ్చాడు. ఆ కాగితాన్ని అద్దం కట్టించి, అమ్మవారి పటం పక్కన తగిలించి, శుక్రవారం శుక్రవారం దానికీ కుంకుమ పెట్టేవాళ్ళు. మా ఆఫీసులో టెలిగ్రాం అడ్రసు కూడా అదే మాట, ఆయన పేరు మీదే.

ఆయన ఒక మధ్యాహ్నం మగ్గం గుంటలోనే ఒరిగిపోయాడు. గుండె. పిల్లల్లేరు. తమ్ముడే తలకొరివి పెట్టాడు. ఆ వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయిన రోజు అదొక్కటే నేను చూశాను. ఇక నుంచి 'పెద్దాయన' అంటే ఆ తమ్ముడే. నేను ఆయన్ని అలాగే పిలిచేదాన్ని.

కొన్ని నెలలకి అడ్రసు గడువు దగ్గరపడింది. ఎదురింటివాళ్ళే కదా, నేనే వెళ్ళి గుర్తు చేశాను. రిజిస్టరు చేసుకున్న మనిషి పోయాడు కాబట్టి ఆయన పేరు కొట్టేసి మీ పేరు రాయాలి, ఒక సంతకం పెడితే చాలు అన్నాను.

"అన్నకు ఏడాది తిరగలేదు తల్లీ," అన్నాడు పెద్దాయన. "ఇప్పుడు ఆయప్ప పేరు కొట్టేసి నా పేరు రాస్తే, ఆయన్ని ఇంట్లోంచి తరిమినట్టు గాదా? ఏటిసూతకంలో పేరు పెట్టుకునేది యాడన్నా ఉండాదా?"

"గడువు దాటితే ఆ మాట పోతుంది పెద్దాయనా."

"యాడికి పోతాది? మద్రాసు కాగితం ఉండాది గదా. పేరు మాదని గవర్నమెంటే రాసిచ్చినాది. సంవత్సరీకం అయిన మరుసటి దినం పొద్దున్నే వస్తా, సూడు."

గొంతు తగ్గించి, "పోనీ ఆయన పేరు మీదే కట్టేసి, ఆయన చేసినట్టే సంతకం చేసేయండి. నేను చూసీ చూడనట్టు ఉంటాను," అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. "సచ్చినోని సంతకం నేను పెట్టేదా? తప్పు తల్లీ. పంతులుగారి కూతురివి, నువ్వే ఇట్ల సెప్తే ఎట్ల?"

ఇంకేం చెప్పను? అన్న పేరు కొట్టనివ్వడు, అన్న పేరుతో అబద్ధమూ ఆడడు. మధ్యలో గడువు నడిచిపోతోంది. మా పోస్టుమాస్టరు మంచివాడే, రిటైరుమెంటు దగ్గరపడి నీడని చూసి కూడా జడుసుకునే మనిషి. రూలు ఎంతవరకు సాగుతుందో అంతవరకు లాగాడు. ఇక సాగనప్పుడు ఆ మాట రద్దయింది.

సంవత్సరీకం ఇంకా రాలేదు. బజారులో బట్టల దుకాణం ఉన్న షావుకారు ఒకాయన మా కిటికీ దగ్గరకి వచ్చాడు. ఎప్పుడూ నవ్వుమొహం, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా. ఆ అన్నదమ్ముల దగ్గర ఏళ్ళ తరబడి చీరలు కొన్నవాడే.

"ఏమ్మా, మబ్బంచు మాట ఖాళీ అయిందంట గదా?"

"ఖాళీ కాలేదు. ఏటిసూతకంలో ఉంది," అన్నాను.

"మీ పుస్తకంలో సూతకానికి గడి ఉండాదా?" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. అది ఇంకొకరి సరుకు పేరు, వాళ్ళకి మద్రాసు కాగితం ఉంది, మీకు సిగ్గు లేదా అని నోటికొచ్చినట్టు అన్నాను. ఆయన ఏమీ కోప్పడలేదు. "నువ్వు ఆదోని బస్సెక్కుతావు గదమ్మా. కిటికీలోంచి టవలు ఎవరేస్తే వాళ్ళదే గదా సీటు? ఆయప్ప టవలు తీసేసినాడు, నేను ఏసినా. ఇందులో కోపమేంటికి?" అన్నాడు.

నేను రాయనంటే రాయనని లేచిపోయాను. పోస్టుమాస్టరు లోపలికి పిలిచాడు. "ఆదోనిలో సైకిల్ షాపాయనకి ఫ్యాన్ల కంపెనీ పేరు రాసిచ్చింది ఎవరమ్మా?" అన్నాడు మెల్లిగా. ఆ కథ ఆయనకి చెప్పి నవ్వించింది కూడా నేనే. అయినా పట్టు వదల్లేదు, పైఆఫీసుని అడగండి సార్ అన్నాను. పాపం, అడిగాడు. ట్రేడ్‌మార్కుల సంగతి శాఖ చూడదు, ఊళ్ళో ఆ మాట ఎవరి పేరునా లేకపోతే అడిగినవారికి ఇవ్వవలసిందే అని జవాబొచ్చింది. రాసిచ్చాం.

ఈ సంగతి పెద్దాయనకి నేనే చెప్పాను. ఆయన నమ్మలేదు. నమ్మకపోవడమంటే నన్ను కాదు, అలాంటిది జరుగుతుందనే నమ్మలేదు. సంవత్సరీకం అయిన మర్నాడు, అన్నట్టే పొద్దున్నే వచ్చాడు. మడతలు విప్పని కొత్త పంచె. చంకలో అద్దం కట్టించిన ఆ కాగితం, దాని మీద కుంకుమ బొట్టు అలాగే ఉంది. పోస్టుమాస్టరు బల్ల మీద రెండు చేతులతో పెట్టాడు.

పోస్టుమాస్టరు దాన్ని పైనుంచి కిందికి చదివాడు. చదవడం అయ్యాక కూడా చదువుతున్నట్టే తల వంచుకుని ఉన్నాడు. "అది ఆ గవర్నమెంటు పెద్దాయనా. ఇది ఈ గవర్నమెంటు," అన్నాడు.

"ఎన్ని గవర్నమెంట్లు ఉండాయి సారూ మనకు?"

పెద్దాయన కాగితాన్ని పైపంచెతో తుడిచి చంకలో పెట్టుకుని పోయాడు.

ఇక తంతులు రావడం మొదలైంది. వస్తూనే ఉండేవి కదా, ఇప్పుడు గడప మారింది. అన్న మగ్గంలో తనే కూర్చున్నాక పెద్దాయన ఊళ్ళు తిరగడం మానేశాడు, ఇక బళ్ళారి వాళ్ళకేం తెలుసు? ఎప్పటి మాటే కొట్టేవాళ్ళు. ఆ అక్షరాలు నా చెవిలో పడేవి, నా చేత్తోనే కాగితం మీద పెట్టేదాన్ని, అది షావుకారు దుకాణానికి పోయేది. తంతిలో ఉన్న సంగతి బయటికి చెప్పకూడదని మా చేత ప్రమాణం చేయించేవాళ్ళు. సాయంత్రం ఇంటికెళ్తే ఎదురరుగు మీద పెద్దాయన కూర్చుని ఉండేవాడు. "ఏమన్నా వచ్చినాయా తల్లీ?" అని ఒక్కనాడూ అడగలేదు. అడిగి ఉంటే తిట్టేసి తప్పించుకునేదాన్ని. అడగకపోవడం వల్ల ఆయన మొహం చూడలేక తల దించుకుని లోపలికి పోయేదాన్ని.

మా ఆఫీసులో తంతులు పంచే సాయిబు ఒకాయన ఉండేవాడు. నాకంటే చాలా పెద్ద, నన్ను బేటీ అనేవాడు. ఆ వీధికి సైకిలు మీద ఏళ్ళుగా తిరిగిన మనిషి. ఒకరోజు షోలాపూర్ నుంచి పండగ సరుకు కోసం పెద్ద ఆర్డరు తంతి వచ్చింది. కవరు మీద నేను దుకాణం అడ్రసు రాసే ఇచ్చాను. ఆయన తీసుకుపోయాడు. ఎంతసేపటికీ రాలేదు. వచ్చినప్పుడు చూస్తే కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైంది?" అన్నాను.

"నేను పెద్దాయన ఇంటికి పోయినా బేటీ," అన్నాడు. "మరిసిపోయి కాదు. కావాలనే పోయినా. సదువుకో అన్నా, ఆర్డరు నీదే, సరుకు నువ్వు పంపు, ఏమైతే అయితాది అని సేతిలో పెట్టినా."

అది తెలిస్తే ఈయన ఉద్యోగం నిలవదు. ఇంటినిండా ఆడపిల్లలు.

"ఆయన సింపలేదు బేటీ. కవరు తిప్పి సూసినాడు. 'ఇది మాది గాదు, పేరు రాసినోనికి ఇయ్యి. మా మగ్గం పని ఎట్లాగూ పోయినాది, నీ పొయ్యి కూడా ఆర్పేదా?' అన్నాడు. నాకు మజ్జిగ ఇచ్చి, ఆయనే సైకిలు పట్టుకుని సందు సివర దాకా వచ్చినాడు. నేను ఆ దుకాణానికి పోయి ఇచ్చి వచ్చినా. యా అల్లా, ఆడ ఇచ్చేటప్పుడు నా సెయ్యి ఎట్ల ఆడిందో నాకే తెలీదు."

ఆ మనిషి గోడవైపు తిరిగి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచాలి. పోస్టుమాస్టరు అంతా విన్నాడు, ఏమీ విననట్టు స్టాంపులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. ఆయన చేయగలిగిన ఉపకారం అదే.

షావుకారు ఏం పంపేవాడనుకున్నారు? ఎక్కడి నుంచో మిల్లు చీరలు దింపి, అంచుకి నీలంరంగు అచ్చు వేయించి పంపేవాడు. కొన్నాళ్ళకి బళ్ళారి వ్యాపారి ఒకాయన మూటతో దిగాడు. నేరుగా మగ్గాల వీధికొచ్చి ఆ మూటని పెద్దాయన అరుగు మీద విసిరేశాడు. ఆదివారం కాబట్టి నేను ఇంట్లోనే ఉన్నాను, కేకలు విని బయటికొచ్చాను.

"ఏనప్పా, హెసరు నిమ్దే గదా!" అని సగం కన్నడం, సగం తెలుగు. "పేరు మీది. మీ పేరుకే తంతి కొట్టినా. ఒక్క ఉతుకుకే రంగంతా కారి పోతాంటే గిరాకీలు నా మొగాన కొడుతుండారు. మీ అన్న ఉన్నెప్పుడు ఇట్ల సేసినాడా?"

లోపలి నుంచి పెద్దాయన వదినగారు వచ్చింది. మాట్లాడకుండా ఒక చీర కొంగు తీసి నీళ్ళ చెంబులో ముంచింది. నీళ్ళు నీలంగా మారాయి. ఆవిడ వేళ్ళు పైకెత్తి చూసుకుంది. "ఇది మా రంగు గాదు నాయనా," అంది. అంతే అంది. పెద్దాయన జరిగింది జరిగినట్టు చెప్పాడు. వ్యాపారి విన్నాడు, తల గోక్కున్నాడు. "నేను నమ్ముతా సరే. నా గిరాకీలకు ఈ కథంతా ఎవరు సెప్పేది?" అని, మూట అక్కడే వదిలేసి బస్సుకి పోయాడు.

పెద్దాయన కోర్టుకి పోయాడు. అంతా ఆ మాట తిరిగి తెచ్చుకోవడానికే. అన్న పెట్టిన పేరు తన సూతకం వల్ల పోయిందన్న బాధ ఆయన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. కర్నూలు బస్సులో వాయిదాకి పోవడం, మళ్ళీ వాయిదా తెచ్చుకోవడం. వకీలు ఊర్లో లేడని ఒకసారి, జడ్జి మారాడని ఒకసారి. ఈలోగా వెనక వీధి మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. కొందరు బళ్ళారి పనులకు పోయారు, కొందరు ఆదోని నూనె మిల్లుల్లో మూటలు మోశారు. మధ్యలో నన్నూ ఆదోనికి మార్చారు, కొన్నేళ్ళకి మళ్ళీ ఎమ్మిగనూరుకే తెచ్చారు. తిరిగొచ్చిన మొదటి తెల్లవారుజామున ఆలస్యంగా లేచాను. ఎందుకా అనుకుంటే, వీధిలో చప్పుడు లేదు. ఎదురింట్లో మాత్రం ఒక్క మగ్గం ఆడుతోంది.

ఎనభైలు సగం గడిచాక ఆ షావుకారు మళ్ళీ కిటికీ దగ్గర కనిపించాడు. జుట్టు నెరిసింది, నవ్వు నెరవలేదు. చీరలు మానేసి వేరుశనగ కమీషను వ్యాపారంలో పడ్డాడట. "ఆ మాట ఈ ఏడు నేను కట్టనమ్మా. మీ పెద్దాయనకు సెప్పు, టవలు తీసేసినానని," అన్నాడు. అంత తేలిగ్గా. కోర్టు చెప్పిందని కాదు, తప్పు చేశానని కాదు. ఆ పేరుతో ఆయనకి పని తీరిపోయింది, అంతే. కిటికీ మూసేసి బల్ల మీద తల పెట్టుకున్నాను. ఇన్నేళ్ళూ ఆ మనిషి మీద దాచుకున్న తిట్లన్నీ నా గొంతులోనే ఉండిపోయాయి.

పెద్దాయనకి చెబితే చిన్నపిల్లాడిలా లేచి నిలబడ్డాడు. మర్నాడు సంత రోజు, ఆఫీసు కిటకిటలాడుతోంది. ఆయన మళ్ళీ కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. నడుం వంగింది, కళ్ళజోడు కాలు దారంతో కట్టి ఉంది. నేను కొత్త పోస్టుమాస్టరుతో ముందే మాట్లాడి పెట్టాను, ఎవరూ అడ్డు రాకుండా. "మీ పేరు పూర్తిగా చెప్పండి," అన్నాను కలం తీసి.

"నా పేరు వద్దు తల్లీ. మా వదిన పేరు రాయి. రంగు ఆయమ్మది."

రాశాను. రసీదు చేతికిచ్చాను. ఆయన దాన్ని కళ్ళకద్దుకుని, జేబులో పెట్టుకోకుండా చేత్తోనే పట్టుకుని మెట్ల మీదకి నడిచాడు. అప్పుడు మెట్ల పక్కన ఉల్లిగడ్డలమ్మే ఒక పడుచు, ఎవరో బండాయనతో గొడవ పడుతోంది. వచ్చే సంతకి తప్పకుండా తన మూటలు ముందు చేరుస్తానని ఆ బండాయన ఒట్టేస్తున్నాడు.

"పోపో, సెప్పొచ్చినావు! పోయిన సంతకూ ఇదే గదా సెప్పినావు? నీదంతా మబ్బంచు మాట. ఒక్క ఉతుకుకు నిలవదు," అంది ఆ పిల్ల. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. ఎవరికీ అందులో కొత్త ఏమీ లేదు. ఆ ఊళ్ళో అది వాడుకమాట అయిపోయింది. నేనూ ఒకటి రెండుసార్లు విన్నాను, ఆయన చెవిన పడకూడదని దేవుడికి మొక్కుకున్నాను.

పెద్దాయన ఆగిపోయాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఆయన మెల్లిగా వెళ్ళి ఆ పిల్ల ముందు గొంతుకూర్చున్నాడు.

"ఏం తల్లీ, మబ్బంచు అంటే ఏంది?"

"అదా తాతా? అబద్ధాలు సెప్పేటోళ్ళను అంటారు. రంగు పోయే సరుకును కూడా అంటారు."

"ఆ పేరుతో సీర ఉండేదంట గదా. నువ్వు సూసినావా?"

"నేను యాడ సూస్తా తాతా? మాటొక్కటే ఇన్నా," అంది ఆ పిల్ల నవ్వుతూ. ఏ కల్మషమూ లేదు దాని మొహంలో. "నీకేమన్నా గడ్డలు కావాల్నా?"

"ఇయ్యి తల్లీ," అన్నాడు. ఉల్లిగడ్డలు పైపంచెలో కట్టించుకుని మళ్ళీ నా కిటికీ దగ్గరకి వచ్చాడు. నేను ఏదో సర్దిచెప్పబోయాను. నా నోరంటే ఆ ఊళ్ళో అందరికీ జంకు, ఆ రోజు ఒక్క మంచిమాట రాలేదు దానికి.

"పేరు మా ఇంటికి వచ్చినాది తల్లీ," అన్నాడు. "ఊరి నోట్లోంచి యాడ తెచ్చేది?"

ఆ తర్వాత ఆయన నేసిన ఏ చీర మీదా ఆ పేరు ముద్ర వేయలేదు. అదే అంచు, అదే రంగు, పేరు మాత్రం లేదు. సంతలో పేరులేని చీరగానే అమ్ముకున్నాడు. కానీ ఏటా గడువు రాకముందే ఆఫీసుకొచ్చి ఆ మాట మళ్ళీ రాయించుకునేవాడు. దాని మీద ఒక్క తంతి కూడా రాలేదు. ఒకసారి ఉండబట్టలేక, "ఎందుకు పెద్దాయనా ఈ ఖర్చు? ఎవరూ కొట్టని అడ్రసు," అన్నాను. "ఖాళీగా ఉంటే ఇంకెవడో వస్తాడు తల్లీ. ఇంకా ఏం సేస్తాడో. ఉండనీ," అన్నాడు. ఇంటికి కాపలా ఉన్నట్టు ఒక మాటకి కాపలా ఉన్నాడు. లోపల ఏమీ మిగల్లేదని ఆయనకీ తెలుసు.

ఒక ఎండాకాలంలో పెద్దాయన పోయాడు. వదినగారిని ఆమె పుట్టింటివాళ్ళు మద్దికెరకి తీసుకుపోయారు. ఆ రంగు ఎలా కలిపేదో అడగమని మా అమ్మ నన్ను పోరింది. అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

గడువు వచ్చింది, దాటింది. కట్టేవాళ్ళు లేరు. పోస్టుమాస్టరు రద్దు చేయమన్నాడు. నేను ఈ వారం, వచ్చే వారం అని సాగదీశాను. ఆఖరికి నా చేత్తోనే ఎర్రసిరాతో కొట్టేశాను. ఇక ఆ మాట ఖాళీ.

ఆ రోజు నుంచి కిటికీ దగ్గర ఎవరైనా ఇస్త్రీ చొక్కాతో కనిపిస్తే కలం కింద పెట్టేసేదాన్ని. ఆ పేరు కావాలని ఎవడైనా రానీ, రూలు రూలే, ఇవ్వక తప్పదు, కానీ ఇచ్చేముందు వాడికి ఏడు తరాలు గుర్తుండేలా తిట్టాలని నాలుక చివర అన్నీ సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఎదురుచూశాను. ఎవరూ రాలేదు.